ఈ పిట్టని మీ ఊళ్ళో ఏమంటారు?

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే దేవరయాంజాల్ వెళ్ళాను. పిట్టల కోసం కాదు. ఒక స్నేహితుడు ప్లాటు చూసుకోవడానికి వెళ్తూ తోడు రమ్మన్నాడు. ఆయనా, బ్రోకరూ గజాల లెక్కల్లో పడ్డారు. నాకు ఆ లెక్కలు వింటే నీరసం వస్తుంది, అందుకని మెళ్ళో కెమెరాతో పక్కనున్న దుక్కిలోకి నడిచాను. ఎర్రమట్టి పెడ్డలు, మధ్యమధ్యలో రాళ్ళు, గట్టున తుమ్మ కంప. మన భాషలో చెప్పాలంటే 'ఖాళీ జాగా'.

అందులో ఒక పెడ్డ కదిలింది. పరీక్షగా చూస్తే పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది, మట్టి రంగు, చూసిన వెంటనే మర్చిపోయేంత మామూలుగా ఉంది. కానీ లేచి ఎగిరినప్పుడు మాత్రం వెనక భాగం, తోక ఇటుక రంగులో తళుక్కుమన్నాయి, తోక చివర నల్లటి పట్టీ. ఫొటో తీసి ఫోన్లో ఉన్న పిట్టల యాప్‌కి చూపిస్తే రెండు సెకన్లలో 'రూఫస్ టెయిల్డ్ లార్క్' అంది. అక్కడితో పని అయిపోయినట్టే. కానీ అక్కడే మేకలు కాస్తున్న ఒక తాత ఉన్నాడు, ఊరికే ఉండలేక అడిగాను.

"తాతా, ఈ పిట్ట పేరేంది?"

"గిదా? గిది దుక్కిలనే ఉంటది సారూ. పెడ్డ పక్కనే గూడు వెడ్తది. దున్నుతుంటే పురుగుల కోసం నాగలెనక వస్తుండె."

"మరి పేరు?"

"పేరంటే... మా నాయిన ఏందో అంటుండె. యాదికొస్తలేదు."

ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, గూడు ఎక్కడ పెడుతుంది, అన్నీ ఆయనకి తెలుసు. పేరు మాత్రం వాళ్ళ నాయనతో పోయింది. నాకు పేరు తెలుసు, అదీ యాప్ చెప్తే ఇంగ్లీషులో. మిగతాదేమీ తెలియదు. ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి మనిషి అవుతాడు కామోసు :)

ఇంటికొచ్చాక పట్టు వదలకుండా వెతికాను. ఆ పేరు దొరికింది, తెలుగు పుస్తకంలో కాదు. 1862-64 మధ్య కలకత్తాలో అచ్చయిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' అనే ఇంగ్లీషు పుస్తకంలో, ఇదే పిట్ట వర్ణన పక్కన, తెలుగు పేరు: అంబలి జోరిగాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు కాబట్టి కచ్చితంగా ఇదే ఉచ్చారణ అని చెప్పలేం. యూనికోడ్ రాక ముందు మనం ఆర్టీఎస్‌లో ఎవరికి తోచినట్టు వాళ్ళం రాసుకోలేదూ, అలాంటిదే. 'జోరి' అన్నది 'జుర్రి' ఏమో, అంబలి జుర్రేవాడేమో అని నా అనుమానం. ఏదైనా సరే, ఒక రైతు పొద్దున్నే గట్టు మీద కూర్చుని అంబలి తాగుతూ పెట్టిన పేరులా లేదూ? 'రూఫస్ టెయిల్డ్' అంటే తోక రంగు తెలుస్తుంది. ఈ పేరులో అయితే పొలం, పొద్దున పూట, మనిషి, అందరూ ఉన్నారు.

ఇంతకీ ఆ పుస్తకం రాసినాయన థామస్ కావెర్‌హిల్ జెర్డన్. 1811లో ఇంగ్లండులో పుట్టాడు. 1835లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జనుగా చేరి మద్రాసు వచ్చాడు. గంజాం, జాల్నా తిరిగి 1840ల మొదట్లో నెల్లూరులో సివిల్ సర్జను అయ్యాడు. ఉద్యోగం వైద్యం, యావ మాత్రం పిట్టలు, పాములు, చీమలు. (మనలో సగం మంది పొద్దున కోడు, రాత్రి కవిత్వం రాసుకోవట్లేదా, అదే రకం.) నెల్లూరులో ఆయనకి యానాదులు పరిచయమయ్యారు. అడవిలో ఏ జీవి ఎక్కడుంటుందో, ఎలా పట్టాలో వాళ్ళకి తెలిసినంతగా ఏ కంపెనీ దొరకీ తెలియదు కదా. వాళ్ళ దగ్గర చాలా నేర్చుకున్నాడు. పుస్తకంలో వెయ్యికి పైగా జాతుల పక్షుల్ని వర్ణించాడు. చాలా వాటి పక్కన హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు పేరు కూడా రాసిపెట్టాడు.

ఆ పేర్లు వరసగా చదువుతుంటే ఒక విషయం తట్టింది. అవి ఏదో ముద్దుపేర్లు కావు, ఒక పద్ధతి ఉంది. నల్లంచి ఉంది కదా, నల్లగా ఉండి, తోక నిటారుగా ఎత్తి రాళ్ళ మీద తిరిగేది, తోక కింద ఇటుక రంగు కనబడుతుంది. దానికి దగ్గర పోలికతో, నలుపు తెలుపు రెక్కలతో కంప కొన మీద కూర్చునే ఇంకో పిట్ట ఉంది. దాన్ని 'కంప నల్లంచి' అన్నారు. ముందు అది ఉండే చోటు, తర్వాత వర్గం. లిన్నేయస్ 1758లో జంతువులన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టి శాస్త్రం అన్నాడు. మన పల్లెటూరి వాడు అదే పని చేస్తే ఎవరూ ఏమీ అనలేదు. క్లాసు, సబ్ క్లాసు అని మనకి కాలేజీలో చెప్పినప్పుడు ఈ ఉదాహరణ చెప్పి ఉంటే ఇంకొంచెం త్వరగా అర్థమయ్యేదేమో.

ఇంకోటి, పసుల పోలిగాడు. రెండు పాయలుగా చీలిన పొడుగు తోకతో కరెంటు తీగ మీద కూర్చుంటుందే, ఆ నల్ల పిట్టే. గేదె వీపెక్కి తిరుగుతూ, అది గడ్డి కదిపితే లేచే పురుగుల్ని పట్టుకుంటుంది. పశువుల వెంట తిరిగే పోలిగాడన్నమాట. పేరు వింటే చాలు, గుర్తుపట్టడానికి ఫొటో అక్కర్లేదు.

అన్నట్టు, అసలు 'పిట్ట' అనే మాటే ప్రపంచ శాస్త్రానికి మనం ఇచ్చింది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ బక్లీ పంపిన బొమ్మల ఆధారంగా, 1713లో లండన్‌లో వచ్చిన జాన్ రే పుస్తకంలో జేమ్స్ పెటివర్ కొన్ని మద్రాసు పక్షుల్ని వర్ణించాడు. అందులో పొన్నంగి పిట్ట ఉంది, పేరుతో సహా. తర్వాత 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ జాతి మొత్తానికి 'పిట్ట' అనే పేరు ఖాయం చేశాడు. ఇవాళ ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఆ కుటుంబం పిట్టల్ని పిట్టలే అంటున్నారు. మనం మాత్రం పిల్లలకి 'బర్డీ' అని చూపిస్తున్నాం.

మళ్ళీ దుక్కిలోకి వద్దాం. హైదరాబాదు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట వైపు నేల చూస్తే ఎడారి కాదు, కొండ ప్రాంతమూ కాదు. కానీ పిట్టల లెక్క ప్రకారం రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. అంబలి జోరిగాడి శాస్త్రనామంలో మొదటి మాట 'అమ్మోమానెస్', గ్రీకులో ఇసకంటే పిచ్చి ఉన్నది అని. దీని దగ్గరి బంధువులు సహారాలో, అరేబియా ఎడారుల్లో ఉంటాయి, వాటిలో ఒకటి రాజస్థాన్ వైపు దాకా వస్తుంది. ఎడారి కుటుంబంలో దక్కను దుక్కుల్లో స్థిరపడ్డ కొమ్మ మనది. ఒంటి రంగు నేల రంగే కావడం చాలా ఎడారి పిట్టలకి ఉన్న అలవాటు. దాక్కోవడానికి చెట్టు లేనప్పుడు నేలే చెట్టు.

అందుకే ఇలాంటి చోట రంగు చూసి పోల్చుకోవాలంటే కష్టం. తోకలు, నడకలు, కూర్చునే చోట్లు చూడాలి. ఇదే దుక్కిలో పిచ్చుక సైజు పిట్టొకటి నిటారుగా పైకి లేచి, ఈల వేస్తూ రాయి పడ్డట్టు కిందికి దిగితే అది ఇంకో రకం లార్కు. మగదానికి పొట్ట నలుపు, నెత్తి బూడిద రంగు. ఆడదాన్ని చూస్తే పిచ్చుకే అనుకుంటాం. తీతువులో కూడా రెండు రకాలు. మనం రాత్రిపూట అరుపు విని భయపడేది కళ్ళ ముందు ఎర్ర తోలు ఉన్నది, చెరువు, కుంట ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. పసుపు తోలు, నల్ల టోపీ ఉన్నది నీళ్ళకి దూరంగా ఎండిన బీళ్ళలో తిరుగుతుంది. శామీర్‌పేట చెరువు గట్టు మీద మొదటిది, దేవరయాంజాల్ బీట్లో రెండోది. పిట్ట కనబడకముందే నేలను చూసి సగం సమాధానం చెప్పేయొచ్చు.

ఇక కొండ అంటే మన గ్రానైటు గుట్టలే. వాటి సందుల్లో పెద్ద కొమ్ముల గుడ్లగూబ కాపురం. రాళ్ళ మధ్య పొదల్లో జిట్టకోడి. చలికాలంలో హిమాలయాల వైపు నుంచి దిగి వచ్చే నీలి రంగు పిట్టొకటి ఎత్తైన బండ మీద ఒంటరిగా కూర్చుంటుంది, దాని ఇంగ్లీషు పేరు బ్లూ రాక్ థ్రష్. కొండ చరియలకి మట్టి గూళ్ళు కట్టుకునే ముదురు గోధుమ రంగు పిట్టలు మన బిల్డింగులకి కూడా కడతాయి. వాటి దృష్టిలో మన ఆఫీసొక నిటారు కొండ. మేం అక్కడ క్యూబికల్స్‌లో ఉంటామని వాటికి తెలియదు పాపం.

హైదరాబాదు పిట్టల్ని ఒక పద్ధతిగా లెక్క రాసింది మాత్రం 1931-32లో. సలీం అలీకి అప్పుడు ఉద్యోగం లేదు. బొంబాయి మ్యూజియంలో చేసే గైడు పని, ఆయన జర్మనీ వెళ్ళి చదువుకుని వచ్చేసరికి పోయింది. (బెంచి మీద ఉన్నవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదువుకోండి.) అప్పుడాయన సంస్థానాలకి ఒక బేరం పెట్టాడు: నాకు జీతం వద్దు, తిరగడానికి, గుడారాలకి ఖర్చు పెట్టుకోండి, మీ పిట్టల లెక్క తీసి ఇస్తాను అని. ముందు ఒప్పుకున్నది నిజాం సంస్థానం. భార్య తెహ్మీనాతో కలిసి తిరిగాడు. అమ్రాబాద్ అడవుల్లో మన్ననూరు, ఫరహాబాద్ దాకా వెళ్ళాడు. ఆ నివేదిక 1933-34లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. నిజాం అనగానే మనకి వజ్రాలు, పిసినారితనం గుర్తొస్తాయి. పిట్టల లెక్కకి డబ్బులిచ్చిన సంగతి కూడా ఆయన ఖాతాలో వెయ్యాలి. తర్వాత చాలా కాలానికి, 1980లో, హైదరాబాదులోనే ఆంధ్రప్రదేశ్ బర్డ్ వాచర్స్ సొసైటీ పుట్టింది. వాళ్ళ పత్రిక పేరు కూడా 'పిట్ట'.

ఇదంతా బాగానే ఉంది, తెలుగు పేరు తెలియకపోతే వచ్చే నష్టమేంటి, పిట్టకి తెలుసా దాని పేరు అని మా స్నేహితుడు అడిగాడు (ప్లాటు కొనలేదు లెండి, బేరం కుదరలేదు). వాడికి కలివికోడి కథ చెప్పాను.

జెర్డన్ 1840ల్లో నెల్లూరు, కడప కొండల్లో ఒక పిట్టని కనుక్కున్నాడు. సన్నటి పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు, ఎగరడం కంటే పరుగెత్తడం ఎక్కువ. 1848లో బ్లైత్ దానికి శాస్త్రనామం పెట్టాడు, ఇంగ్లీషులో 'జెర్డన్స్ కోర్సర్' అయింది. ఆ తర్వాత గోదావరి లోయలో భద్రాచలం వైపు బ్లాన్‌ఫర్డ్‌కి కనబడింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్ చూశాడు. అంతే. సలీం అలీ వెతికాడు, దొరకలేదు. 1970ల్లో అమెరికా వాళ్ళతో కలిసి వెతికారు, దొరకలేదు. చాలామంది ఆ జాతి పోయిందనే అనుకున్నారు.

1985లో బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లాకి వచ్చాడు. పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగారు. లంకమల కొండల కింద రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట వేటకి తిరిగే అలవాటున్న ఐతన్నకి ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నాడు. 86 ఏళ్ళ తర్వాత! అప్పటికి తొంభయ్యో పడికి దగ్గర పడ్డ సలీం అలీ ఆ వార్త విన్నాడు. మరుసటి ఏడు, 1987లో పోయాడు.

గమనించండి, అక్కడి వాళ్ళకి అది పోయిన పిట్ట కాదు. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. పేరుంది, ఎక్కడుంటుందో పేరులోనే ఉంది, ఎప్పుడు బయటికొస్తుందో ఐతన్న లాంటి వాళ్ళకి తెలుసు. శాస్త్రం రికార్డుల్లో మాత్రం అది లేదు. డేటాబేసులో రో డిలీట్ అయిపోయింది, సర్వర్లో మాత్రం ప్రాసెస్ నడుస్తూనే ఉంది.

ఇంకో చిత్రం. జెర్డన్ తన పుస్తకంలో దీనికి రాసుకున్న తెలుగు పేరు కలివికోడి కాదు. 'అడవి ఉట తిత్తి' లాంటిదేదో రాసి, అడవి ఖాళీ సంచి అని అర్థం చెప్పాడు. అంటే ఒక పేరు పుస్తకంలో మిగిలింది, ఇంకో పేరు నోళ్ళలో మిగిలింది. పుస్తకంలో పేరే పట్టుకుని వెళ్ళి అడిగితే ఎంతమంది గుర్తుపట్టేవారో? ఒకటి మటుకు నిజం, ఊళ్ళోకి వెళ్ళి, బొమ్మ చూపించి, అక్కడి వాడి నోట విన్నాకే దొరికింది.

దాని కోసం 1988లో లంకమల్లేశ్వరం అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి మార్చారు. 2000ల్లో జెగనాథన్ వంటి పరిశోధకులు పొదల మధ్య నేలని పట్టీలు పట్టీలుగా చదును చేసి మెత్తటి మట్టి పరిచారు. రాత్రి పిట్ట నడిస్తే పొద్దున్న అడుగుల ముద్రలు ఉంటాయి. రాత్రంతా ఎవరూ మేలుకోనక్కర్లేకుండా పొద్దున్నే లాగ్ ఫైలు చూసుకోవడమే. ఇంత ఖరీదు లేని, ఇంత తెలివైన మానిటరింగ్ సిస్టం నేను ఏ ప్రాజెక్టులోనూ చూడలేదు. అయినా 2005లో మళ్ళీ కాలువ పనుల యంత్రాలు దాని పొదల్లోకి వచ్చాయి. గొడవ చేస్తే మళ్ళీ దారి మారింది. ఆ దశాబ్దం చివర నుంచి చాలా ఏళ్ళపాటు ఆ పిట్ట స్పష్టంగా ఎవరి కంటా పడలేదు.

యంత్రాలు ఎందుకొచ్చాయంటే అది దట్టమైన అడవి కాదు కాబట్టి. ముళ్ళ పొదలు, రాళ్ళు, మధ్యలో ఖాళీ నేల. కాగితాల మీద అలాంటి నేలకి ఎప్పుడూ బంజరు అనో, పోరంబోకు అనో, నిరుపయోగం అనో పేరు. చెట్లు కొడితే అయ్యో అంటాం, పొదలు పీకితే శుభ్రం చేశారంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బట్టమేక పిట్టకీ ఇదే జరిగింది. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో దాని కోసమే అభయారణ్యం పెట్టారు, కానీ అది తిరిగే గడ్డి బీళ్ళు చుట్టూ పొలాలైపోయాయి. కలివికోడికి కలివి పొద ఎంతో అంబలి జోరిగాడికి దుక్కి అంత. తేడా ఒక్కటే, అంబలి జోరిగాడు అరుదు కాదు కాబట్టి దాని కోసం ఎవరూ కాలువ దారి మార్చరు, లేఅవుట్ అసలే మార్చరు. మామూలు పిట్టలకి ఉండే ఇబ్బంది అది. పోతున్నప్పుడు కూడా ఎవరూ లెక్కపెట్టరు.

జెర్డన్ పేరు మీద పిట్టలున్నాయి, బ్లాన్‌ఫర్డ్ పేరు మీద ఉన్నాయి. ఐతన్న కోర్సర్ అని మాత్రం ఎవరూ అనలేదు. జెర్డన్‌కి ఆ తెలుగు పేర్లు చెప్పిన వాళ్ళ పేర్లు అసలే లేవు. అది జెర్డన్ తప్పని నేననను. ఆయన కనీసం వాళ్ళు పెట్టిన పేర్లయినా రాసుకున్నాడు, అందుకే నూట అరవై ఏళ్ళ తర్వాత నాకు దొరికాయి. మనం అదీ చెయ్యట్లేదు. మనకి లిపి ఉంది, యూనికోడ్ ఉంది, జేబులో కెమెరా, రికార్డర్ ఉన్నాయి.

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. తాత కనబడ్డాడు. అంబలి జోరిగాడని చెప్పాను, గుర్తొస్తుందేమోనని. కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "మా నాయిన గిట్లనలే. అది వేరే మాట" అన్నాడు. అంటే మేడ్చల్ వైపు ఇంకో పేరు ఉండేదన్నమాట, జెర్డన్‌కి కూడా దొరకనిది.

అందుకని ఒక చిన్న సాయం చెయ్యండి. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ తాతయ్యనో, నానమ్మనో, పాలేరునో, గొర్రెల కాపరినో అడగండి. దుక్కిలో పెడ్డల మధ్య పరుగెత్తే మట్టి రంగు పిట్ట, ఎగిరితే తోక ఇటుక రంగు, చివర నల్ల పట్టీ. దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు? ఏ మండలమో కూడా చెప్పండి, రాసి పెట్టుకుంటాను.